ముప్ఫై డిగ్రీల అల్లుడు

మా మామగారి ఇల్లు ఉప్పల్ దాటాక ఒక చెరువు పక్కన ఉంది. పాతికేళ్ల కిందట అక్కడ స్థలం కొన్నది చెరువుగాలి కోసమే. వచ్చిన చుట్టాన్నల్లా వెనక వరండాలోకి తీసుకెళ్లి "చూశారా, ఏసీ అక్కర్లేదు" అనేవారు. 2024 జులైలో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి, టీవీలో బుల్‌డోజర్లు కనిపించడం మొదలైనప్పటి నుంచి ఆ గాలి ఆయనకు పడటం లేదు. కాలనీలో ఇద్దరు కలిస్తే ఇదివరకు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే గీత), బఫర్ జోన్ (ఆ గీత బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ) అంటున్నారు. పాలు పోసే అబ్బాయి కూడా గిన్నె అందుకుంటూ "మీది ఎన్ని మీటర్లు సార్?" అని అడుగుతున్నాడట.

నిబంధన మామగారికి కంఠస్థం. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువైతే 9 మీటర్లు చాలు. ఇది 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో ఉంది. మా చెరువు 25 ఎకరాలకు కాస్త పైనే. చెరువు చూసి ముచ్చటపడి స్థలం కొన్న మనిషి, అది ఇంకాస్త చిన్నదైతే బాగుండేదని బాధపడటం నేను కళ్లారా చూశాను.

ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆయన అసలు మాట బయటపెట్టారు. "అల్లుడుగారూ, మీరు కంప్యూటర్ మనిషి కదా. ఇంటర్నెట్‌లో మ్యాప్ తెరిచి చెరువు చుట్టూ ముప్ఫై మీటర్లు గీస్తే మన ఇల్లు లోపలో బయటో తెలిసిపోతుందట."

నేను చేసేది జీతాల లెక్కల సాఫ్ట్‌వేర్. మ్యాపులతో నా పరిచయం పెళ్లిళ్లకు ఫంక్షన్ హాలు వెతుక్కోవడం వరకే. కానీ అత్తగారింట్లో "నాకు రాదు" అనే మాట నోటికి రాదు. దేశానికి ఉపగ్రహ చిత్రాలు అందించే ఎన్ఆర్ఎస్సీ ఈ ఊళ్లోనే, బాలానగర్‌లో ఉంది. ఇక్కడి నీళ్లు తాగినవాడికి ఆమాత్రం రాకపోతుందా అనుకుని ల్యాప్‌టాప్ తెరిచాను.

ఉచితంగా దొరికే ఒక వెబ్ మ్యాప్ సేవలో చెరువు పేరు కొట్టాను. ఎర్ర గుండుసూది ఒకటి వచ్చి చెరువు మీద వాలింది. బఫర్ అనే బొత్తాం నొక్కి, 30 అని ఇచ్చాను. చెరువు నట్టనడుమ బొట్టుబిళ్లంత ఎర్రటి చుక్క వెలసింది. మా ఇల్లు దానికి ఆమడ దూరం. మామగారి మొహం విప్పారింది. "కాఫీ పెట్టండే" అని లోపలికి కేక వేశారు.

కాఫీ తెచ్చిన మా ఆవిడ తెర వంక చూసి, "నీళ్ల మధ్యలో గీశారేమిటి? చేపలకు నోటీసులు ఇస్తారా?" అంది.

నిజమే. నేను బఫర్ గీసింది చెరువుకు కాదు, చెరువు పేరు రాసి ఉన్న చుక్కకు. చుక్క చుట్టూ గీస్తే వృత్తమే వస్తుంది. చెరువు అంచు వెంట గీత కావాలంటే ముందు చెరువు ఆకారం ఉండాలి. సరే, ఎఫ్‌టీఎల్ పటం పక్కన పెట్టుకుని, తూము దగ్గర మొదలుపెట్టి, కట్ట వెంబడి, అలుగు దాటి, చుక్క తరవాత చుక్క పెట్టుకుంటూ నలభై నిమిషాలు చెరువు ప్రదక్షిణం చేశాను. (ఉపగ్రహ చిత్రంలో కనిపించే నీటి అంచు మీద గీయకూడదన్న బుద్ధి మాత్రం ఎందుకో ఉంది. మే నెల ఫోటో మీద గీసి ఉంటే మామగారికి ఇంకో ఇల్లు కట్టుకునే చోటు మిగిలేది.) మళ్లీ బఫర్ నొక్కాను. మళ్లీ 30 ఇచ్చాను. కింద ఏదో చిన్న పెట్టెలో చిన్న అక్షరాలున్నాయి. పెళ్లిపత్రికలో అచ్చు వేసిన ప్రెస్సు పేరు ఎవరు చదువుతారు?

చక్రం కాసేపు తిరిగింది. తెరంతా ఎర్రబడింది.

ఇల్లు ఎరుపు. ఎదురిల్లు ఎరుపు. వీధి చివర వినాయకుడి గుడి ఎరుపు. మామగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. నేను మ్యాపును కొంచెం జరిపాను. ఉప్పల్ మెట్రో స్టేషన్ ఎరుపు. ఇంకొంచెం జరిపితే క్రికెట్ స్టేడియం ఎరుపు.

"స్టేడియం కూడా పోతుందా?" అన్నారు మామగారు. ఆ గొంతులో దిగులుతోపాటు రవ్వంత ఊరట కూడా వినిపించింది. పోతే అందరితో కలిసి పోతున్నాం.

నేను చేసిన తప్పుల్లో పెద్దది దీని తరవాతే జరిగింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో మామగారి తరఫున ఆ ఎర్ర బొమ్మ పెట్టాను. కింద "ప్రాథమిక పరిశీలన" అని కూడా రాశాను. ఆ రెండు మాటలు లేకపోతే జనం నమ్మేవారు కారేమో. పది నిమిషాల్లో సంఘం అధ్యక్షుడు లుంగీ మీదే వచ్చేశారు. వెనకాల వీధిలో ఇల్లు అమ్మకానికి పెట్టి బయానా తీసుకున్నాయన వచ్చి, "మీరు ఆ బొమ్మ తీసేస్తారా, నన్ను గుండెపోటుతో తీసుకుపొమ్మంటారా?" అని అడిగారు. వరండాలో కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెప్పించారు. మా అత్తగారు ఎవరికీ ఏమీ చెప్పకుండా బీరువాలోంచి ఇంటి కాగితాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

పక్కింటి కుర్చీలతోపాటు పక్కింటి పదో తరగతి కుర్రాడు కూడా వచ్చాడు. అందరి భుజాల సందులోంచి దూరి, "అంకుల్, ఒకసారి చిన్నది చేయండి" అంటూ, నేను చేసేలోపే మౌసు చక్రం వెనక్కి తిప్పాడు.

హైదరాబాద్ ఎరుపు. హుస్సేన్ సాగర్ మా చెరువు బఫర్ జోన్‌లో ఉంది. ఇంకా తిప్పాడు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఎరుపు, తిరుమల కొండతో సహా. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ ఎరుపు. ఎవరెస్టు శిఖరం ఎరుపు. దుబాయి ఎరుపు. పడమర అంచు యెమెన్‌లో, తూర్పు అంచు వియత్నాం దాటి సముద్రంలో తేలాయి. దక్షిణాన భూమధ్యరేఖ దాటేసింది. ఉత్తరాన కజకిస్తాన్‌లోని బల్ఖాష్ సరస్సును చేపలతో సహా మింగేసి, ఆ పైన ఎక్కడో ఆగింది. మొత్తం ఆకారం గుండ్రంగా కూడా లేదు. పై కొస సాగిన కోడిగుడ్డులా ఉంది.

"కింద పెట్టెలో డిగ్రీలు అని ఉంది అంకుల్. మీరు ముప్ఫై డిగ్రీలు ఇచ్చారు" అన్నాడు కుర్రాడు.

నేను చదవని చిన్న అక్షరాలు అవే. నా చెరువు అక్షాంశ రేఖాంశాల్లో ఉంది, అంటే డిగ్రీల్లో. 30 అంటే 30 డిగ్రీలే అనుకుంది యంత్రం. నేల మీద ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. ఆ లెక్కన పాతిక ఎకరాల చెరువుకు 3,300 కిలోమీటర్ల పైచిలుకు బఫర్ గీశాను.

మామగారు నన్ను చాలాసేపు చూశారు. "పెళ్లిచూపుల్లో ఒక్క డిగ్రీ అనే చెప్పారు. ముప్ఫై ఉన్నాయని ఇప్పుడే తెలిసింది" అన్నారు.

అప్పుడే సింగపూర్ నుంచి బావమరిది ఫోను. గ్రూపులో అతనూ ఉన్నాడు. కుర్రాడు ఆ దేశం మీదకు మ్యాపు తీసుకెళ్లి దగ్గరగా చూపించాడు. ఎర్రగీత సరిగ్గా సింగపూర్ మీదుగానే పోతోంది. జురాంగ్‌లో బావమరిది ఫ్లాటు లోపల, చాంగి విమానాశ్రయం బయట. "ఇల్లు పోయినా ఎక్కి రావడానికి విమానం ఉందిలే నాన్నా" అన్నారు మామగారు. అప్పటికి ఆయన పూర్తిగా తేరుకున్నారు.

జనం నవ్వుకుంటూ వెళ్లారు, కుర్చీలు మాత్రం వదిలేసి. నేను డిగ్రీల్ని మీటర్లలోకి మార్చాను. వెబ్ మ్యాపుల్లో ఎక్కువగా వాడే మెర్కేటర్ కొలత ఎంచుకున్నాను. ఈసారి బుద్ధిగా చెరువు చుట్టూ సన్నని ఎర్ర పట్టీ వచ్చింది. మా వెనక గోడ దానికి ఒక వెంట్రుకవాసి బయట. ఇక చాలనుకుని మూయబోతుంటే, అప్పటికే అల్లుడి మీద నమ్మకం సడలిన మామగారు మ్యాపులోనే ఉన్న కొలబద్ద తీసి లాగారు.

"ముప్ఫై ఏదీ? ఇరవై ఎనిమిదిన్నర చూపిస్తోంది."

కుర్రాడే చెప్పాల్సి వచ్చింది. బడిలో గోడపటం మీద గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో పోటీ పడుతుంది గానీ, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. మెర్కేటర్ పటంలో భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ నేల సాగుతుంది. మన దగ్గర సాగుడు నూటికి అయిదు పాళ్లలోపే. పటంలో 30 మీటర్లు గీస్తే నేల మీద 28.6 దగ్గర తేలుతుంది. ఈ సాగుడు తగలకుండా ఉండాలంటే, భూమిని నిలువు పట్టీలుగా విడదీసి కొలిచే యూటీఎం పద్ధతిలో హైదరాబాద్‌కు 44వ మండలం పెట్టుకోవాలట. పెట్టాం. ఎర్రగీత దాదాపు మీటరున్నర ముందుకు జరిగి, వెనక గోడ దాటి పెరట్లోకి వచ్చి ఆగింది.

మామగారు ల్యాప్‌టాప్ మూసేసి, అటక మీంచి టేపు దించారు. ఎఫ్‌టీఎల్ రాయి దగ్గర కొస పట్టుకుని నన్ను నిలబెట్టారు. ముళ్లకంప, ఎండ, కాలికింద ఎండిన గుర్రపుడెక్క. అటువైపు నుంచి ఆయన అంకెలు అరుస్తున్నారు. గోడ 29. కరివేపాకు చెట్టు 29.4. బట్టలు ఉతికే బండ 29.8. ఇంటి పునాది 33.

"చెట్టు కట్టడం కిందకు రాదు" అన్నారు అత్తగారు, దానికి ఆనుకుని నిలబడి. "గోడ సంగతి తరవాత చూద్దాం. ముందు ఆ బండ ఇవతలికి లాగండి. రేపు ఎవడో వచ్చి దాన్ని చూపించి ఇల్లంతా అంటాడు."

మామా అల్లుళ్లం చెరో పక్క పట్టుకున్నాం. పాతికేళ్లుగా భూమిలో నాటుకున్న రాయి. రెండుసార్లు ఊపినా కదల్లేదు. గోడ మీద కూర్చుని జామకాయ తింటున్న కుర్రాడు అడిగాడు: "ఎన్ని డిగ్రీలు జరపాలి అంకుల్?"