డాక్టర్ బ్లేక్‌ను వదులుకున్న థోర్

సినిమాలు చూసి థోర్‌కు అభిమానులైన వాళ్లలో చాలామందికి అతను ఒకప్పుడు డాక్టర్ అని తెలియదు. అదీ చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేయలేని డాక్టర్. 1962 ఆగస్టు తేదీతో వచ్చిన మార్వెల్ కామిక్ ‘జర్నీ ఇన్‌టు మిస్టరీ’ 83వ సంచికలో డొనాల్డ్ బ్లేక్ అనే అమెరికన్ వైద్యుడు సెలవులకు నార్వే వెళ్తాడు. అక్కడ శనిగ్రహం నుంచి దిగిన రాతి మనుషుల కంట పడతాడు. పరుగెత్తలేని కాలితోనే పరుగెత్తి, దారిలో కర్ర పోగొట్టుకుని, ఒక గుహలో దూరతాడు. బయటికి పోదామంటే బండరాయి అడ్డం. గుహలో దొరికిన పాత కర్రతో కోపం కొద్దీ ఆ బండను ఒక్కటి వేస్తాడు. కర్ర సుత్తిగా మారుతుంది, బ్లేక్ ఉరుముల దేవుడు థోర్ అవుతాడు. కానీ ఆ సుత్తి చేయి వదిలి 60 సెకన్లు దాటితే మళ్లీ అదే కాలు, అదే కర్ర. స్టాన్ లీ అనుకున్న కథకు ల్యారీ లీబర్ మాటలు రాశాడు, జాక్ కిర్బీ బొమ్మలు గీశాడు.

ఈ పాత్రకు ప్రాణం ఆ డాక్టరే అని నా నమ్మకం. బ్లేక్ లాంటి మనిషి కథలో లేనప్పుడల్లా థోర్ గొడవంతా సింహాసనం ఎవరిదన్న రాజుగారింటి తగాదాగా మిగిలిపోయింది. ఆ తగాదాలో బలం ఉంది, అందం కూడా ఉంది. చదివేవాడి గుండెకు తగిలేది మాత్రం తక్కువ.

ఉత్తర ఐరోపా వాళ్ల పాత నార్స్ గాథల్లో థోర్‌కు ఇలా రెండు బతుకులు లేవు. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ కూర్చిన ఎడ్డా అనే గ్రంథంలో ఒక కథ ఉంది. థోర్, జిత్తులమారి లోకి కలిసి పోతూ ఒక రైతు ఇంట్లో రాత్రికి ఆగుతారు. థోర్ తన బండి లాగే రెండు మేకపోతులనూ కోసి వండించి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి తినమంటాడు. ఎముకలు మాత్రం తోళ్ల మీద వేయమంటాడు. రైతు కొడుకు థ్యాల్ఫి మూలుగ కోసం ఒక తొడ ఎముకను కత్తితో చీలుస్తాడు. తెల్లారి సుత్తి ఎత్తి మేకలను బతికిస్తే, అందులో ఒకటి వెనక కాలు కుంటుతుంది. వేళ్ల కణుపులు తెల్లబడేలా థోర్ సుత్తిని బిగించి పట్టుకుంటాడు. రైతు వణికిపోతాడు. చివరికి కొడుకునూ కూతురినీ థోర్‌కు సేవకులుగా ఇచ్చి బయటపడతాడు.

దేవుడి కోపానికి అక్కడ మూల్యం కట్టింది ఒక పేద ఇంటి పిల్లలు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయని మన సామెత. 1962లో మార్వెల్ వాళ్లు దీన్ని తిరగేశారు. ఈసారి కుంటింది దేవుడే.

అన్నదమ్ముల పోరు కూడా వాళ్లు కలిపిందే. పాత గాథల్లో లోకి థోర్‌కు తమ్ముడు కాడు, థోర్ తండ్రి ఓడిన్‌తో రక్తం కలుపుకున్న నేస్తం. కామిక్స్‌లో 85వ సంచికలో కాలుపెట్టి, ఓడిన్ పెంచిన రాక్షస బిడ్డగా, కడుపు నిండా అసూయతో ఎదిగాడు. 1963లో అవెంజర్స్ అనే వీరుల జట్టు కట్టడానికి కారణం కూడా అతనే. థోర్‌ను ఉచ్చులోకి లాగాలని మహాబలుడు హల్క్‌ను రెచ్చగొడితే, మిగతా వీరులంతా అక్కడికి చేరారు. ఇంటి గొడవ భూమి మీదకు వచ్చి పడటం అప్పటి నుంచీ ఈ కథలకు ఆనవాయితీ అయింది.

ఆ రోజుల్లో ఓడిన్, కొడుకు భూమి మీద ఒక నర్సును ప్రేమించడం సహించలేకపోయాడు. ఆమె పేరు జేన్ ఫోస్టర్. 1967 జనవరి సంచికలో ఓడిన్ ఆమెను దేవతల లోకమైన ఆస్గార్డ్‌కు రానిచ్చి, శక్తులిచ్చి, ఒక భయంకరమైన ప్రాణి ఎదుట నిలబెడతాడు. ఆమె భయపడుతుంది. భయపడింది కాబట్టి పనికిరాదని తేల్చి, జ్ఞాపకాలు తుడిచేసి భూమికి పంపేస్తాడు. అదే సంచికలో థోర్ పక్కన సిఫ్ అనే వీరవనిత వచ్చి నిలుస్తుంది. ఇది ఎప్పుడు చదివినా నాకు మనసు ఒప్పదు. రోగుల పక్కన రాత్రంతా మేలుకునే మనిషిని కత్తి పట్టే ధైర్యంతో తూచడం ఏం న్యాయం?

1968లో ఇంకో గుట్టు బయటపెట్టారు. బ్లేక్ అనే మనిషి అసలు పుట్టనే లేదట. పొగరుబోతు కొడుక్కి వినయం నేర్పడానికి ఓడిన్ అతని జ్ఞాపకాలు తీసేసి, ఒక వైద్య విద్యార్థి ఒంట్లో భూమికి దింపాడట. శాపం తగిలి మనిషిగా పుట్టిన దేవతల కథలు వింటూ పెరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు. మన కథల్లో శాపం తీరగానే కథ ముగుస్తుంది. ఇక్కడ శాపం తీరాక కూడా ఆ డాక్టరు చేతుల్లో రోగులు మిగిలారు. రచయితలు తవ్వాల్సింది అక్కడే.

వాళ్లు ఎక్కువగా తవ్వలేదు. 1983లో థోర్ కామిక్ పగ్గాలు అందుకున్న వాల్టర్ సైమన్సన్ కొద్ది నెలలకే బ్లేక్ రూపాన్ని తీసేశాడు. అతను గొప్ప కథకుడు. మృత్యులోకంలోని గ్యాలర్‌బ్రూ వంతెన మీద స్కర్జ్ అనే యోధుడు ఒంటరిగా నిలబడి సైన్యాన్ని ఆపే ఘట్టానికి సాటి వచ్చేవి కామిక్స్‌లో కొన్నే. అయినా థోర్‌కు ఆస్పత్రి దూరమైంది. 1989లో ఎరిక్ మాస్టర్‌సన్ అనే ఆర్కిటెక్ట్‌తో థోర్‌ను ముడివేశారు. విడాకులయ్యాక కొడుకును తన దగ్గరే ఉంచుకోవాలని తపించే తండ్రి అతను. మంచి ఆలోచనే, ఎక్కువ కాలం నిలబడలేదు.

2011 సినిమాలో బ్లేక్ లేడు. జేన్ పాత ప్రియుడి పేరుగా మాత్రం వినిపించి పోతాడు. ఓడిన్ శక్తులు లాగేసి కొడుకును న్యూ మెక్సికోలో పడేస్తాడు. సుత్తి ఎంత లాగినా కదలక, థోర్ వానలో, బురదలో మోకాళ్ల మీద కూలబడిన దృశ్యం నిజంగా బాగుంది. కానీ కొద్ది రోజుల్లోనే గుణపాఠం పూర్తయి శక్తులు తిరిగొస్తాయి. ఒకరి బాధ్యత మీద పడి, దాన్ని మోస్తూ ఏళ్లు గడపడం ఉండదు. 2019 సినిమాలో ఇల్లూ వాకిలీ పోయిన ఆస్గార్డ్ జనం నార్వే తీరంలో కాందిశీకులుగా బతుకుతుంటే, వాళ్ల రాజు థోర్ లావెక్కి, తాగుడులో మునిగి ఉంటాడు. గొప్ప కథకు కావాల్సిన సరుకంతా అక్కడుంది. దాన్ని పొట్ట మీద జోకులకు వాడేశారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషిని అలా నవ్వులపాలు చేయడం నాకు బాధ కలిగించింది.

ఈ లోటును కామిక్స్‌లో పూడ్చింది రచయిత జేసన్ ఆరన్, చిత్రకారుడు రస్సెల్ డాటర్‌మన్ జోడీ. 2014లో సుత్తి ఎత్తే అర్హతను థోర్ కోల్పోతే, దాన్ని ఒక స్త్రీ ఎత్తుతుంది. ఆమె జేన్ ఫోస్టర్ అని మరుసటి ఏడాది తెలుస్తుంది. ఓడిన్ పనికిరాదన్న జేనే. అప్పటికి ఆమె డాక్టర్, రొమ్ము క్యాన్సర్ పేషెంట్ కూడా. సుత్తి పట్టి థోర్‌గా మారినప్పుడల్లా ఒంట్లోని విషాలన్నీ పోతాయి. కీమో మందు కూడా విషమే కాబట్టి అదీ పోతుంది, క్యాన్సర్ మాత్రం ఉండిపోతుంది. లోకాన్ని కాపాడిన ప్రతిసారీ ఆమె చికిత్స మళ్లీ మొదటికి వస్తుంది.

కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చిన మనిషిని దగ్గరుండి చూసుకున్న వాళ్లకు ఇది ఎంత భారమో చెప్పనక్కర్లేదు. నోటికి ఏదీ సహించని ఆ రోజులన్నీ వృథా అయ్యాయంటే ఏ కుటుంబం తట్టుకుంటుంది? మంత్రంతో నయం చేస్తామన్నా జేన్ వద్దంటుంది. 2018లో ముగిసిన ఘట్టంలో, ఇంకోసారి మారితే చచ్చిపోతావని తెలిసీ ఆస్గార్డ్ కోసం సుత్తి పడుతుంది, పోరాడి చనిపోతుంది. ఆమెను బతికించడానికి ఓడిన్, థోర్ ఇద్దరూ చేయి కలపాల్సి వస్తుంది. బతికొచ్చాక ఆమె చేసే పని కీమోకి తిరిగి వెళ్లడం. యాభై ఏళ్ల నాటి ఆ అన్యాయపు పరీక్షకు ఇంతకంటే మంచి జవాబు ఉండదు.

బ్లేక్‌కు ఆ గౌరవం దక్కలేదు. 2020లో కామిక్ రచయిత డానీ కేట్స్ అతన్ని వెనక్కి తెచ్చి విలన్‌ను చేశాడు. ఇన్నేళ్లూ తనను ఒక కలల ఊళ్లో బంధించి ఉంచారని తెలిసి పిచ్చెత్తిపోతాడు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఆయన్ని హంతకుడిగా కాక, మళ్లీ రోగుల మధ్య చూడాలని కోరుకున్నాను.

2022 సినిమా చివర్లో థోర్ చనిపోయిన శత్రువు కూతురిని తెచ్చి పెంచుకుంటాడు. పొద్దున్నే పాన్‌కేకులు వేసి పెడతాడు. ఆ కాసేపట్లోనే నాకు పాత డాక్టర్ కనిపించాడు. కానీ వెంటనే ఇద్దరూ ఆయుధాలు పట్టి యుద్ధానికి దూకుతారు. మరి ఆ పాపకు జ్వరం కాసిన రోజునే లోకాలు మునిగిపోతున్నాయని కబురొస్తే? పక్కింట్లో ఎవరికైనా అప్పగిస్తాడా, మంచం పక్కనే ఉండిపోతాడా? ఆ రోజును కథగా రాస్తే నేను మొదటి రోజు మొదటి ఆటకే వెళ్తాను.