ఉప్పు డబ్బా పరీక్ష ఒక్కటే చాలదు

గాలిలో తేమను కొలిచే సెన్సర్ సరిగ్గా చూపిస్తోందో లేదో తెలుసుకోవడం గురించి ఒక వ్యాసం చదివాను. తడి ఉప్పున్న మూసిన డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది కాబట్టి, సెన్సర్‌ని అందులో గంటసేపు పెట్టి, 75 శాతం చూపిస్తే చాలని అందులో రాశారు. పద్ధతి మంచిదే కానీ మా వరంగల్ వానాకాలానికి అది చాలదండి. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి, పత్తి నిల్వ చేసేవాళ్లకు ఇది డబ్బుతో ముడిపడిన విషయం.

అసలు చిక్కంతా ఉష్ణోగ్రతతోనే. గాలిలో తేమ 90 శాతం ఉన్నప్పుడు సెన్సర్ ఆ గాలి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడిగా ఉన్నా రీడింగ్ దాదాపు 5 శాతం పడిపోతుంది. అందుకే డబ్బాను థర్మోకోల్ పెట్టెలో ఉంచి, ఎండ, ఫ్యాను గాలి తగలకుండా రాత్రంతా వదిలేయాలి. ఉప్పు తడి ఇసుకలా ఉండాలి, పైన నీళ్లు తేలకూడదు, సెన్సర్‌కు అంటకూడదు. కల్లుప్పు వద్దు, అందులోని మెగ్నీషియం వల్ల తేమ 75 కన్నా తగ్గుతుంది.

ఇంకొకటి, వ్యాసంలో అసలు రాలేదు. రోజుల తరబడి 80 శాతం పైన తేమలో ఉన్న సెన్సర్ పొర నీటిని పట్టుకుని కొన్ని శాతాలు ఎక్కువ చూపిస్తుంది. చాలావరకు అది తాత్కాలికమే. ఆ సమయంలో ఆఫ్‌సెట్ (రీడింగ్‌కు కలిపే లేదా తీసేసే సవరణ అంకె) మారిస్తే చలికాలంలో తక్కువ చూపిస్తుంది. ముందు ఒక రోజు ఏసీ గదిలో ఆరనిచ్చి, తర్వాతే పరీక్షించండి. 75 దగ్గర సరిపోయినంత మాత్రాన 95 దగ్గర నమ్మకూడదు. ఉప్పు బదులు తడి పొటాషియం సల్ఫేట్ పెడితే డబ్బాలో తేమ 97 దగ్గర ఉంటుంది, అక్కడ కూడా చూడాలి.

కోల్డ్ స్టోరేజీలో వాడేవాళ్లు సెన్సర్‌ని బయటికి తెచ్చేటప్పుడు కవర్‌లో మూసి తీసుకురండి, లేదంటే దాని మీద నీళ్లు పట్టేస్తాయి.