తెల్ల కాగితం లెక్కలోకి రాదు
ప్రభుత్వ నివేదిక ప్రకారం గృహహింస కేసులు తగ్గాయి, గంజాయి కేసులు పెరిగాయి, కాబట్టి విశాఖలో ఇళ్లు కుదుటపడ్డాయి, వీధులే పాడయ్యాయని మీ వ్యాసంలో రాశారు. ఇళ్లు కుదుటపడ్డాయన్న మాట నేను అస్సలు ఒప్పుకోను. ఆ నివేదికలో కనిపించేవి ఎఫ్‌ఐఆర్ అయిన కేసులే. మర్రిపాలెంలో మా పక్క వాటా అమ్మాయి పోయినేడు వాచిన చేతికి చున్నీ చుట్టుకుని స్టేషన్‌కి వెళ్తే తోడు నేనే వెళ్లాను. రెండు గంటలు కూర్చోబెట్టి, మొగుణ్ణి పిలిపించి, ‘ఇక కొట్టను’ అని తెల్ల కాగితం మీద సంతకం పెట్టించి పంపేశారు. ఆ తర్వాత రెండుసార్లు దెబ్బలు తింది, మళ్లీ స్టేషన్ మెట్లెక్కలేదు. మీ లెక్కలో ఇది తగ్గుదలే కదా! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటికే వెళ్లి అడిగితే, 18-49 ఏళ్ల వివాహితల్లో పదిమందికి దాదాపు ముగ్గురు భర్త చేతిలో హింస పడ్డామన్నారు. దాని ముందు స్టేషన్ లెక్క ఏ మూలకి? పైగా ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే జాతీయ నేర నమోదు సంస్థ వాటిలో పెద్దదాన్నే లెక్కేస్తుంది. హత్య దాకా వెళ్తే అంతకుముందు తిన్న దెబ్బలు అందులోనే కలిసిపోతాయి. గంజాయి లెక్క దీనికి తలకిందులు. కొన్నవాడూ అమ్మినవాడూ వచ్చి ఫిర్యాదు ఇవ్వరు, పోలీసులు వెతికితేనే కేసు. గంజాయి వచ్చే పాడేరు మన్యం వైపు నుంచి దిగే బండ్లను ఆపి డిక్కీలు తెరిపించిన నెలలో కేసులు పెరుగుతాయి, వాళ్లు బందోబస్తు డ్యూటీల్లో ఉన్న నెలలో తగ్గుతాయి.