ఆరుకు ఆరు సరే, ఎదుట ఎవరున్నారు?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అందరికంటే గొప్ప ఆటగాడెవరన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి రెండు లెక్కల దగ్గర ఆగుతుంది. మైకేల్ జోర్డాన్ ఆడిన ఆరు ఫైనల్స్‌లోనూ గెలిచాడు. లెబ్రాన్ జేమ్స్ పది ఆడి నాలుగే గెలిచాడు. తిరుగులేనిదిగా కనిపించే ఈ వాదనలో ఒక మెలిక ఉంది. జోర్డాన్ 13 సీజన్లలో ప్లేఆఫ్స్‌కు (సీజన్ ముగిశాక టైటిల్ కోసం సిరీస్‌లుగా సాగే నాకౌట్ దశకు) చేరి, ఏడింటిలో టైటిల్ లేకుండానే వెనుదిరిగాడు. ఆ ఓటములన్నీ ఫైనల్స్‌కు ముందే ఎదురయ్యాయి కనుక ఆయన రికార్డుకు మచ్చ పడలేదు. మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టడం కంటే ఫైనల్స్ దాకా వెళ్లి ఓడిపోవడం పెద్ద లోపం ఎలా అవుతుందో ఈ లెక్క చెప్పేవారు ఎన్నడూ వివరించరు.

క్రికెట్‌లో మనం ఇంత ఉదారంగా ఉండం. పెర్త్‌లో పేస్ బౌలింగ్‌ను కాచుకుని చేసిన సెంచరీకీ, సొంతగడ్డపై బలహీన జట్టుమీద బాదిన సెంచరీకీ ఒకే విలువ కట్టం. బాస్కెట్‌బాల్‌లో మాత్రం ప్రత్యర్థి స్థాయిని ఆ జట్టు సీజన్‌లో గెలిచిన మ్యాచ్‌ల సంఖ్యతోనే తేల్చేయడం అలవాటైపోయింది. ఆ సంఖ్య చాలదు. ఒక గొప్ప స్కోరర్‌ను పరీక్షించేది ప్రత్యర్థి డిఫెన్స్. ఆ డిఫెన్స్ ముందు అతను తన సీజన్ స్థాయిని నిలబెట్టుకున్నాడా, జారిపోయాడా, మించిపోయాడా అన్నదే చూడాలి.

ఇందుకు జోర్డాన్ 1993 ప్లేఆఫ్స్‌ను మించిన ఉదాహరణ లేదు. ఈస్ట్ (తూర్పు విభాగం) ఫైనల్స్‌లో ఎదురైన న్యూయార్క్ నిక్స్ ఆ సీజన్‌లో 60 మ్యాచ్‌లు గెలిచింది. ఆ తర్వాత ఫైనల్స్‌లో తలపడిన ఫీనిక్స్ సన్స్ 62 గెలిచింది. గెలుపుల్లో తేడా రెండే. కానీ పాట్ రైలీ శిక్షణలో ప్యాట్రిక్ యూయింగ్, చార్లెస్ ఓక్లీ, జాన్ స్టార్క్స్‌లతో కూడిన నిక్స్‌ది లీగ్‌లోకెల్లా గట్టి డిఫెన్స్ కాగా, చార్లెస్ బార్క్‌లీ నాయకత్వంలోని సన్స్ ప్రధానంగా స్కోరింగ్‌నే నమ్ముకున్న జట్టు. నిక్స్‌తో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిన జోర్డాన్ జట్టు షికాగో బుల్స్ మూడోది గెలిచినా, అందులో జోర్డాన్ 18 షాట్లు వేసి మూడే బుట్టలో వేయగలిగాడు. నాలుగో మ్యాచ్‌లో మాత్రం 54 పాయింట్లు చేశాడు. బుల్స్ 4-2తో గట్టెక్కినా, సిరీస్ మొత్తం మీద ఆయన షాట్లలో నూటికి నలభై మాత్రమే పడ్డాయి. అదే ఆటగాడు కొద్ది రోజుల్లోనే సన్స్‌పై మ్యాచ్‌కు 41 పాయింట్ల సగటు నమోదు చేశాడు. ఫైనల్స్ చరిత్రలో అంతకు మించిన సగటు లేదు. అభిమానులు కలకాలం చెప్పుకునేది ఈ 41నే. నన్నడిగితే, నిక్స్‌పై కష్టపడి గట్టెక్కిన ఆ సిరీసే గొప్పది.

ఇదే కొలబద్దతో చూస్తే లెబ్రాన్ ఓటముల్లో కొన్నింటి రంగు మారుతుంది. 2015లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 67 మ్యాచ్‌లు గెలవడమే కాక, డిఫెన్స్‌లోనూ లీగ్‌లో అగ్రస్థానంలో ఉంది. లెబ్రాన్ ఆడిన క్లీవ్‌ల్యాండ్ జట్టులో కెవిన్ లవ్ మొదటి రౌండ్‌లోనూ, కైరీ ఇర్వింగ్ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లోనూ గాయపడి దూరమయ్యారు. సీజన్‌లో 25.3గా ఉన్న లెబ్రాన్ సగటు ఆ ఫైనల్స్‌లో 35.8కి పెరిగింది. అయితే షాట్లలో నూటికి నలభై కూడా పడలేదు. భారమంతా ఒక్కడి మీదే పడితే ఏమవుతుందో ఆ రెండు అంకెలే చెబుతాయి. మరుసటి ఏడాది 73 మ్యాచ్‌లు గెలిచిన అదే జట్టుపై 1-3తో వెనుకబడి కూడా క్లీవ్‌ల్యాండ్ కప్పు గెలిచింది. ఐదో మ్యాచ్‌కు వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ సస్పెన్షన్ వల్ల లేడన్నది నిజమే. అయినా ఆ ఒక్క కారణంతో సిరీస్ విలువను తగ్గించలేం.

ఈ పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు నేను వేసేది ఈ ఇద్దరికీ కాదు, హకీమ్ ఒలాజువాన్‌కు. 1995లో 47 గెలుపులతో తన విభాగంలో ఆరో సీడ్‌గా వచ్చిన ఆయన జట్టు హ్యూస్టన్ రాకెట్స్ వరుసగా 60, 59, 62, 57 మ్యాచ్‌లు గెలిచిన జట్లను ఓడించింది. వెస్ట్ ఫైనల్స్‌లో శాన్ ఆంటోనియో సెంటర్ డేవిడ్ రాబిన్సన్ ఆ ఏటి ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు), అంతకు మూడేళ్ల ముందు ఉత్తమ డిఫెండర్ అవార్డు గెలిచినవాడు. సొంత ప్రేక్షకుల మధ్య అతను ఎంవీపీ ట్రోఫీ అందుకున్న రాత్రే ఒలాజువాన్ 41 పాయింట్లు చేశాడు. బుట్టకు వీపు పెట్టి బంతి అందుకోవడం, షాట్ వేస్తున్నట్టు భుజాలు పైకెత్తడం, రాబిన్సన్ గాల్లోకి లేవగానే అతని చేతుల కింది నుంచి అడుగు వేసి తాపీగా బంతిని బుట్టలో వేయడం ఆ సిరీస్‌లో పదే పదే కనిపించింది. సీజన్‌లో 27.8గా ఉన్న సగటు రాబిన్సన్ మీద 35.3కి చేరింది. ఉత్తమ డిఫెండర్ ముందు సగటు పడిపోవడమే సహజం. 1962 సీజన్‌లో మ్యాచ్‌కు 50.4 పాయింట్లు చేసిన విల్ట్ చాంబర్లేన్ అంతటివాడు ప్లేఆఫ్స్‌లో డిఫెన్స్‌కు పేరుపడ్డ బిల్ రసెల్ ఎదుట 33.6కి దిగాడు.

అయితే ప్రత్యర్థి బలమన్న మాట ప్రతి ఓటమికీ సాకు కాలేదు. 2011 ఫైనల్స్‌లో డల్లాస్ మావెరిక్స్‌పై 2-1 ఆధిక్యంలో ఉన్న లెబ్రాన్ అప్పటి జట్టు మయామి హీట్ ఆ తర్వాత మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. అందులో నాలుగో మ్యాచ్‌లో లెబ్రాన్ చేసినవి ఎనిమిది పాయింట్లే. సీజన్‌లో 26.7గా ఉన్న సగటు ఆ సిరీస్‌లో 17.8కి పడిపోయింది. టైసన్ చాండ్లర్ వెనుక నిలిచి నడిపించిన డల్లాస్ జోన్ డిఫెన్స్ (కోర్టును భాగాలుగా పంచుకుని కాపాడే పద్ధతి) తెలివైనదే. కానీ అదే డిఫెన్స్‌పై, అవే మ్యాచ్‌లలో, లెబ్రాన్ పక్కనే ఆడిన డ్వేన్ వేడ్ సగటు 26.5.