అర్ధరాత్రి సూర్యకిరణాలట!

"ఈ రాత్రి 12.30 నుంచి 3.30 వరకు సూర్యుడి నుంచి ప్రమాదకర కిరణాలు వస్తాయి. ఫోన్లు ఆపి దూరంగా పెట్టండి, పేలిపోతాయి. గర్భిణులు బయటకు రావద్దు. నాసా చెప్పింది. పది మందికి పంపండి." నిన్న ఒక్కరోజే ఇది నాకు ఐదుసార్లు వచ్చింది. పంపినవాళ్లలో ఇద్దరు ఉపాధ్యాయులు.

నాసా దాకా ఎందుకు, 15 లక్షల కిలోమీటర్ల దూరాన మన ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1 సూర్యుణ్ణే చూస్తూ కూర్చుంది. గర్భిణుల మాటంటారా, గ్రహణం మొర్రి భయాన్నే తెచ్చి దీనికి అంటగట్టారు.

ఇక 12.30! ఆ వేళకు సూర్యుడు భూగోళానికి అవతల ఉంటాడు. అరసవల్లి స్వామి పాదాలను తాకాలన్నా కిరణాలు తెల్లవారే దాకా ఆగుతాయి. నరసన్నపేటకు మాత్రం అర్ధరాత్రే వస్తాయి కాబోలు, అదీ ప్యాసింజరు రైలుకే లేని సమయపాలనతో.

ఒకటి ఒప్పుకోవాలి. సూర్యుడు విసిరే ప్లాస్మా మేఘం వేరు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో అది భూమిని చేరి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపితే, దానికి రాత్రీ పగలూ ఒకటే. 1989 మార్చి 13న అలాంటి దెబ్బకే కెనడాలోని క్యూబెక్‌లో సుమారు 60 లక్షల మందికి తొమ్మిది గంటల పాటు కరెంటు పోయింది. అయితే ఆ సౌర తుఫాను ప్రవాహం పుట్టించింది వందల కిలోమీటర్ల విద్యుత్ లైన్లలో. జానెడు ఫోనులో ఏం పుట్టిస్తుంది? 2024 మేలో రెండు దశాబ్దాలలోకెల్లా పెద్ద తుఫాను వచ్చి, లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ఆ రాత్రి మీ ఫోను పేలి ఉంటే ఈ మెసేజ్ దేనితో పంపారు?

అలాంటప్పుడు కళింగపట్నం పడవల్లో జీపీఎస్ కాస్త తప్పు చూపవచ్చు. అది రాయండి, నేనే పది మందికి పంపుతాను.

నాకు అసలు మండింది ఫోన్లు ఆపమన్నందుకు. మా పిన్ని ఆపేసి, తువ్వాలులో చుట్టి, బియ్యం డబ్బాలో దాచింది. పక్కగదిలో ఎనిమిదో నెల కోడలు. రాత్రి నొప్పులొస్తే 108కి బియ్యంలోంచి చేస్తారా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది తెల్లవారుజామునే. ముందు రాత్రి ఈ మెసేజ్ తిరిగి ఉంటే ఉద్దానంలో ఎన్ని ఫోన్లు డబ్బాల్లో ఉండేవో! హైదరాబాదులో ఉన్న పిన్ని కొడుకు నిన్న రాత్రి ఎంత చేసినా పలకకపోయేసరికి చివరికి పక్కింటివాళ్లను నిద్ర లేపాడు.

పొద్దున పిన్ని ఫోనుకు అంటిన తవుడు తుడుస్తూ నాతో అంది: "చూశావా, ఆపాను కాబట్టే పేలలేదు."