మా పాతింటి దయ్యం గారికి మనవి

గౌరవనీయులైన దయ్యం గారికి,

దేవరకొండ వైపు పల్లెలో ఉన్న మా గూనపెంకల ఇంటి వారసుల్లో ఒకడు రాసుకున్నది.

మీరు మా ఇంట్లో ఉంటున్నారని ఊరంతా అంటోంది. రాత్రిపూట నడిమింట్లో దీపం కనబడిందట, అటక మీద గురిగి దొర్లిందట. కాదనను. తాళం వేసి అందరం హైదరాబాద్ చేరాక ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఉండడమే నయం. కానీ మీ పనితీరు గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఈ మధ్య బీటిల్‌జ్యూస్ అనే ఇంగ్లీషు సినిమా చూశాను, 1988లో టిమ్ బర్టన్ తీసింది. మీ లైన్‌లో ఉన్నవాళ్లు తప్పకుండా చూడాలి.

అమెరికాలో ఓ చిన్న ఊరు. మొగుడూ పెళ్లాం కుక్కను తప్పించబోయి కారుతో సహా వంతెన మీంచి నీళ్లలో పడతారు. ఇంటికి తిరిగొచ్చాక గానీ చచ్చిపోయామని తెలీదు. కొత్తగా చచ్చినవాళ్లు ఎలా మసలుకోవాలో చెప్పే పుస్తకం ఒకటి ఇంట్లో ప్రత్యక్షమవుతుంది. చదివితే ఒక్క ముక్క ఎక్కదు. గోడ మీద సుద్దతో తలుపు గీసి తడితే దయ్యాల ఆఫీసు తెరుచుకుంటుంది. అక్కడ కూడా నంబరు చీటీ, బెంచీల మీద జనం. చివరికి తేలిందేంటంటే, 125 ఏళ్లు ఆ ఇంట్లోనే పడి ఉండాలి. గడప దాటితే ఇసుక ఎడారి, అందులో రాక్షస పురుగులు.

125 ఏళ్లు! మన దగ్గర ఏ ఇల్లు అన్నేళ్లు ఆగుతుందండీ? అన్నదమ్ములు వేరుపడితే నడిమింట్లో గోడ లేస్తుంది. కోడలికి జ్వరం వస్తే వాస్తు ఆయన వచ్చి మెట్లు పీకిస్తాడు. శ్రీశైలం నీళ్లలో కొల్లాపూర్ వైపు ఊళ్లకు ఊళ్లే మునిగాయి. బతికున్నవాళ్లు పరిహారం కోసం ధర్నాలైనా చేశారు, ఆ ఇళ్లను పట్టుకుని ఉన్న మీవాళ్ల గోడు ఎవరు విన్నారు?

ఆ సినిమాలో దయ్యాలకు ఇంకో కష్టం. వాళ్ల ఇంటిని న్యూయార్క్ నుంచి వచ్చిన కుటుంబం కొంటుంది. వాళ్లను తరమాలని భోజనాల దగ్గర అతిథుల ఒంట్లో దూరి అందరి చేతా డాన్సు చేయిస్తారు. వాళ్లేమో భయపడడం మానేసి మురిసిపోతారు. ఈ ఇంటితో బోలెడు సంపాదించొచ్చు అంటారు. డబ్బు లెక్క వేసుకోవడం మొదలుపెట్టిన మనిషిని ఏ దయ్యం భయపెట్టగలదు?

మీ విషయంలో ఆ లెక్క మావాళ్లు ఎప్పుడో వేసేశారు. ఇల్లు అమ్మకానికి పెడదామని మాట రాగానే మధ్యవర్తి ఒకాయన ఊరంతా తిరిగి మీ గురించి ప్రచారం చేశాడు. గజాల లెక్కన వచ్చే రేటు సగానికి పడింది. కొనడానికి వచ్చింది కూడా ఆయన బామ్మర్దే. మీరు అటక మీద గురిగి దొర్లించినప్పుడల్లా కమీషన్ ఎవరికి పోతుందో ఒకసారి ఆలోచించండి. పైసా జీతం లేకుండా ఆయన కింద పని చేస్తున్నారు.

అసలు విషయానికి వస్తాను. ఈ ఇల్లు మా ముత్తాత సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని చేతిరాత కాగితం మీద కొన్నాడు. తెల్లకాగితం, కింద వేలిముద్రల నిశానీలు, ఇద్దరు సాక్షులు. అమ్మినాయన పోయాడు, కొన్నాయన పోయాడు, సాక్షులు పోయారు. రాసిన పట్వారీ పోయాడు, 1984లో ఆ ఉద్యోగమే పోయింది. భూముల రికార్డులకని 2020లో ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో దాని బదులు భూభారతి వచ్చింది, ఆ గొడవంతా పొలాలది. మనది గ్రామకంఠం, ఊళ్లో ఇళ్లుండే జాగా. ఉన్న ఒకే ఒక్క ఆధారం ఇంటిపన్ను రశీదు, అది నేటికీ ముత్తాత పేరు మీదే వస్తోంది. విరాసత్ చేయండయ్యా, వారసుల పేరు మీదకు మార్చండయ్యా అంటే ఆయన చనిపోయినట్టు సర్టిఫికెట్ తెమ్మంటారు. ఆయన పోయిన నాడు సర్టిఫికెట్ ఎవడడిగాడు? డప్పు కొట్టి సాగనంపారు, ఊరంతా చూసింది, ఆ ఊరంతా కూడా పోయింది.

అంటే సర్కారు లెక్కలో ఆయన బతికే ఉన్నాడు, వేళకు పన్ను కూడా కడుతున్నాడు. మేమేమో ఆధార్ కార్డులు పట్టుకుని కిటికీ ముందు నిలబడినా లోపలివాళ్లకు కనబడం. తాయత్తు ఎవరికి కట్టించాలో అర్థం కావడం లేదు.

ఇంతకీ మీరు ఎవరి తరఫు దయ్యం? మా ముత్తాతా, అమ్మినాయనా, సంతకం పెట్టిన సాక్షా? ఎవరైనా పర్లేదు, ఆ కాగితం రాసిన రోజు మీరు అక్కడ ఉన్నారు, మాకు అది చాలు. మా పాలోళ్లు ఇల్లు తమదే అని పంచాయితీ పెట్టబోతున్నారు. ఆ రోజు వచ్చి పెద్దమనుషుల ముందు ఒక్క మాట చెప్పి పోండి. ఎవరి ఒంట్లోనైనా దూరండి, మా చిన్నబాబాయి ఒంట్లో దూరితే మరీ మంచిది. ఎటూ ఆయన మాట ఎవరూ నమ్మరు, మీరు మాట్లాడితేనైనా వింటారు.

నిమ్మకాయల గురించి భయం వద్దు. నకిరేకల్‌లో నిమ్మ మార్కెటే ఉన్న జిల్లాలో మీరు ఇన్నాళ్లు నెగ్గుకొచ్చారంటే మీకు అది అలవాటైపోయి ఉంటుంది. అయినా మావాళ్లకు చెప్పి ఆ పూటకు గుమ్మం మీద కట్టినవి తీయిస్తాను. నిశానీ కూడా వేయగలిగితే చాలా మేలు, కాకపోతే వేలిముద్ర మిషన్ మా అవ్వదే పట్టడం లేదు, మీది పడుతుందని ఆశ లేదు.

ఇట్లు,
మీ వారసుడు (విరాసత్ పెండింగ్)

తా.క.: పెత్రమాసకు మీ పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తూనే ఉన్నాం. ఈసారి ఇచ్చేటప్పుడు మీ అసలు పేరు తెలిస్తే బాగుండు, అయ్యగారు ప్రతిసారీ గోత్రం అడుగుతున్నారు.