ఉచిత భోజనం లెక్కతో పేదరికాన్ని కొలవొచ్చా?

అమెరికాలో ఒక స్కూల్లో 100 శాతం పిల్లలకు ఉచిత భోజనం అందుతోంది కాబట్టి అక్కడ అందరూ పేదవాళ్లేనని మీ వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. మా అబ్బాయి స్కూలు కూడా ఆ లెక్కలో 100 శాతమే. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం.

ఇదివరకు ఆదాయం చూపించి ఫారం నింపేవారు. పేదరిక రేఖకు 130 శాతం లోపు ఆదాయముంటే ఉచితం, 185 శాతం లోపైతే తగ్గింపు ధర, అంటే లంచ్‌కు 40 సెంట్లకు మించకూడదు. 2010 చట్టంతో వచ్చిన కమ్యూనిటీ ఎలిజిబిలిటీ పద్ధతి 2014లో దేశమంతటికీ అందుబాటులోకి వచ్చింది. మొదట్లో, ఫుడ్ స్టాంపుల్లాంటి (పేదలు ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే) సాయం పొందే ఇళ్ల పిల్లలు 40 శాతం ఉంటే చాలు, ఆ స్కూల్లో ఫారాలు లేకుండా అందరికీ ఉచితంగా పెట్టొచ్చు. 2023లో ఆ హద్దును 25 శాతానికి దించారు.

ఇది చాలా మంచి పని. స్కూలు భోజనం ఖాతాలో డబ్బుల్లేక ట్రే వెనక్కి ఇచ్చే పిల్లాడి మొహం చూస్తే ఎవరూ కాదనరు. కానీ పేదరికాన్ని కొలవడానికి ఆ అంకె ఇక పనికిరాదు. నిజంగా ఇబ్బందుల్లో ఉన్న స్కూలూ, మా స్కూలూ కాగితం మీద ఒకేలా కనిపిస్తున్నాయి. ఆ అంకె చూసి నిధులు పంచితే నష్టపోయేది వాళ్లే, నా బాధ అదే. ఫారాల రోజుల్లోనూ సిగ్గుపడి ఇవ్వని హైస్కూలు పిల్లలు, కాగితాలంటే టెన్షన్ పడే వలస కుటుంబాలు లెక్కకు అందలేదు.

ఫుడ్ స్టాంపులు అందుకునే ఇళ్ల పిల్లలు ఎంతమందో కూడా మీ వ్యాసంలోని పట్టికలో ఆ అంకె పక్కనే వేయండి, దయచేసి.